మోడల్ పడవకు ప్రొపెల్లర్ షాఫ్టు కప్లింగ్: ఎంపిక, అమరిక

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
1. రెండు షాఫ్టుల మధ్య వచ్చే అమరిక దోషాలను గుర్తించగలుగుతారు.
2. మోటారు వివరాలను బట్టి కప్లింగ్ మోయవలసిన టార్క్‌ను లెక్కించగలుగుతారు.
3. వివిధ రకాల కప్లింగులను పోల్చి, మీ పడవకు తగినదాన్ని ఎంచుకోగలుగుతారు.
4. బిగించిన కప్లింగ్ సరిగా ఉన్నదో లేదో అమ్మీటరుతో పరీక్షించగలుగుతారు.

1. పరిచయం

మచిలీపట్నం పక్కన గిలకలదిండి హార్బరులో మరపడవ ఎక్కే అవకాశం వస్తే, సరంగును అడిగి ఇంజను గదిలోకి ఒకసారి తొంగి చూడండి. డీజిల్ ఇంజను, దాని వెనుక గేరుబాక్సు, ఆ వెనుక బోల్టులతో ఒకదానికొకటి బిగించిన రెండు గుండ్రటి ఇనుప పళ్లాలు కనిపిస్తాయి. అక్కడి నుంచి పొడవైన షాఫ్టు బయలుదేరి, పడవ అడుగును దాటి నీళ్లలోని ప్రొపెల్లర్‌ను చేరుతుంది. ఆ రెండు పళ్లాల జతే కప్లింగ్. ఇంజను ఎంత బలమైనదైనా, ప్రొపెల్లర్ ఎంత మంచిదైనా ఆ జత విడిపోతే పడవ కదలదు. ఏటిమొగ రేవు నుంచి ఎదురుమొండి దీవికి నీళ్ల మీద దాటినవారికి, నడి ఏటిలో ఇంజను మోగుతూ పడవ మాత్రం కొట్టుకుపోతే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

మీరు ప్రాజెక్టు పనిగా తయారుచేసే మోడల్ పడవలో ఈ భాగం మీ చిటికెన వేలి గోరంత ఉంటుంది. అక్కడ పోయేది ప్రాణం కాదు, డబ్బు, కొన్ని వారాల శ్రమ. అయినా రెండింటిలోనూ పనిచేసే భౌతికశాస్త్రం ఒక్కటే.

ముందుగా నా అనుభవం ఒకటి చెబుతాను. పదవీ విరమణ తరువాత చల్లపల్లిలో, పిల్లలకు చూపించడానికి మూడడుగుల లోపు పొడవున్న మరపడవ నమూనా ఒకటి కట్టాను. మోటారును, షాఫ్టును కంటి అంచనాతో ఒకే గీతలో పెట్టి, గట్టి ఇత్తడి తొడుగుతో కలిపాను. కాలువలో వదిలితే పడవ నత్తనడక నడిచింది. మోటారుకు బలం చాలలేదనుకుని ఇంకా పెద్ద మోటారు కొని బిగించాను. ఈసారి వేగం వచ్చింది, కానీ గట్టి మోత కూడా వచ్చింది. కొద్ది నిమిషాల్లో షాఫ్టు గొట్టం వేడెక్కి, దాన్ని పడవకు అతికించిన జిగురు మెత్తబడి, నీరు లోపలికి వచ్చింది. పడవను గట్టుకు లాగి చూస్తే గొట్టం లోపలి బుష్ ఒకవైపే అరిగి ఉంది. మొదటి మోటారులో ఏ లోపమూ లేదు. అది తన శక్తిలో ఎక్కువ భాగాన్ని వంకరగా ఉన్న షాఫ్టుతో పెనుగులాడడానికే ఖర్చు పెట్టింది. పెద్ద మోటారు ఆ పెనుగులాటను పెంచింది, అంతే.

ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇది: కప్లింగ్ అమరిక దోషాన్ని పోగొట్టదు, మిగిలిన కొద్ది దోషాన్ని భరిస్తుంది. అందువల్ల ముందు అమరిక, తరువాత కప్లింగ్.

2. అమరిక దోషాలు: మూడు రకాలు

మోటారు షాఫ్టు, ప్రొపెల్లర్ షాఫ్టు ఒకే సరళరేఖ మీద ఉండడం ఆదర్శ స్థితి. ఆచరణలో మూడు రకాల తేడాలు వస్తాయి.

సమాంతర దోషం: రెండు షాఫ్టులు ఒకే దిశలో ఉంటాయి, కానీ ఒకటి కొంచెం పైన, మరొకటి కొంచెం కింద లేదా పక్కన ఉంటుంది.

కోణీయ దోషం: రెండు షాఫ్టుల గీతలు ఒకచోట కలుస్తాయి, కానీ వాటి మధ్య కోణం ఉంటుంది. మోడల్ పడవల్లో ఇది ఎక్కువ. ప్రొపెల్లర్ నీళ్లలో మునిగి ఉండాలి కాబట్టి షాఫ్టు వెనక్కి వాలుగా దిగుతుంది. మోటారును మాత్రం చాలామంది పడవ అడుగుకు సమాంతరంగా, చదునుగా కూర్చోబెడతారు. ఆ వాలు ఎన్ని డిగ్రీలో కప్లింగ్ దగ్గర విరుపు కూడా అన్ని డిగ్రీలు.

అక్షీయ దోషం: షాఫ్టులు పొడవునా ముందుకూ వెనక్కూ జరగడం, లేదా రెండు కొసల మధ్య ఖాళీ మారడం.

సాధారణంగా ఒక పడవలో ఈ మూడూ కొంత కొంత కలిసే ఉంటాయి. కోణీయ దోషాన్ని తగ్గించడానికి సులువైన మార్గం మోటారు కింద వాలుగా చెక్కిన చెక్క దిమ్మ పెట్టి, మోటారును కూడా షాఫ్టు వాలులోనే వంచడం. దీనికి పైసా ఖర్చు లేదు.

3. టార్క్ ఎంత?

కప్లింగ్ ఎంపికకు మొదటి సంఖ్య టార్క్. తిరిగే వస్తువుకు

టార్క్ = సామర్థ్యం ÷ కోణీయ వేగం

ఇక్కడ సామర్థ్యం వాట్లలో, కోణీయ వేగం సెకనుకు రేడియన్లలో, టార్క్ న్యూటన్ మీటర్లలో ఉంటాయి.

ఉదాహరణ: 12 వోల్టుల మోటారు నీళ్లలో నడుస్తూ 3 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటున్నదనుకుందాం. విద్యుత్ సామర్థ్యం 12 × 3 = 36 వాట్లు. మోటారు దక్షత 60 శాతం అనుకుంటే షాఫ్టుకు చేరేది 21.6 వాట్లు. వేగం నిమిషానికి 6000 చుట్లు, అంటే సెకనుకు 100 చుట్లు. కోణీయ వేగం 2 × 3.1416 × 100 = 628 రేడియన్లు. కాబట్టి టార్క్ 21.6 ÷ 628 = 0.034 న్యూటన్ మీటరు.

ఇది చిన్న సంఖ్యే. కానీ కప్లింగును దీనికి ఎంచుకుంటే చాలదు. మన కాలువల్లో గుర్రపుడెక్క ఉంటుంది, చెరువుల్లో నాచు ఉంటుంది. గుర్రపుడెక్క వేరు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే షాఫ్టు ఉన్నట్టుండి ఆగిపోతుంది. మోటారు మాత్రం తిప్పాలనే చూస్తుంది. ఆగిన మోటారు తీసుకునే విద్యుత్తు నడిచేటప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. శాశ్వత అయస్కాంతం గల డీసీ మోటారులో టార్క్ దాదాపు విద్యుత్తుకు అనులోమానుపాతంలో ఉంటుంది. మన ఉదాహరణలోని మోటారు ఆగినప్పుడు 15 ఆంపియర్లు తీసుకుంటే, టార్క్ 5 రెట్లు, అంటే సుమారు 0.17 న్యూటన్ మీటరు అవుతుంది. కప్లింగ్ తట్టుకోవలసింది ఈ సంఖ్యను.

బ్యాటరీకి, మోటారుకు మధ్య 5 ఆంపియర్ల ఫ్యూజు తప్పక పెట్టండి. ఫ్యూజు కరగడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి ఆ క్షణాలపాటు కప్లింగ్ పూర్తి దెబ్బను మోస్తుంది. కానీ ఫ్యూజు లేకపోతే కాలిపోయేది మోటారు తీగచుట్ట.

4. కప్లింగుల రకాలు

4.1 గట్టి తొడుగు: రెండు షాఫ్టులనూ ఒకే లోహపు గొట్టంలోకి దూర్చి మరలతో బిగించేది. టార్క్ బాగా మోస్తుంది, చవక. ఏ రకమైన దోషాన్నీ భరించదు. మోటారుకు రెండు బేరింగులు, షాఫ్టు గొట్టానికి రెండు బుష్‌లు, మొత్తం నాలుగు ఆధారాలు కచ్చితంగా ఒకే గీతలో ఉంటే తప్ప షాఫ్టు వంగుతూ తిరుగుతుంది. ఇంట్లో చేసే మోడల్‌కు ఇది తగదు. అయితే దీనికి వేరే ఉపయోగం ఒకటి ఉంది, అది 6వ భాగంలో చూస్తాం.

4.2 రబ్బరు లేదా సిలికాన్ గొట్టం: చాలా చిన్న పడవలకు, 2 మిల్లీమీటర్ల షాఫ్టులకు ఇది చాలు. సైకిలు షాపులో దొరికే వాల్వ్ ట్యూబు ముక్క కూడా బొమ్మ మోటారుకు పనిచేస్తుంది. చప్పుడు ఉండదు. ప్రొపెల్లర్ ఇరుక్కుంటే గొట్టం షాఫ్టు మీద జారిపోయి మోటారును కాపాడుతుంది. లోపాలు మూడు: ఎక్కువ టార్క్‌కు మెలితిరిగిపోతుంది, నూనె తగిలితే మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, రెండు షాఫ్టుల కొసల మధ్య ఖాళీ ఎక్కువైతే గొట్టం తాడులా ఊగుతుంది. ఖాళీని 2, 3 మిల్లీమీటర్లు దాటనివ్వకండి.

4.3 కోత స్ప్రింగు కప్లింగ్: అల్యూమినియం దిమ్మెకు సర్పిలంగా గాడి కోసినది. ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపుల్లో త్రీడీ ప్రింటర్ల కోసం అమ్ముతారు. చూడడానికి చక్కగా ఉంటుంది, మోటారు తిరగడం, ఆగడం కచ్చితంగా అందిస్తుంది. కానీ ఇది నెమ్మదిగా తిరిగే పనికి చేసినది. నిమిషానికి వేల చుట్లు వంగుతూ తిరిగితే లోహం అలసి గాడి మొదట్లో చీలుతుంది.

4.4 జా కప్లింగ్: ఎదురెదురుగా పళ్లున్న రెండు లోహపు ముక్కలు, వాటి మధ్య నక్షత్రం ఆకారపు రబ్బరు. మోటారు పంపుసెట్లలో ఇదే సూత్రం మీద పనిచేసే రబ్బరు బుష్‌ల కప్లింగులను మీరు చూసే ఉంటారు. అదురును, దెబ్బను మింగుతుంది. టార్క్ బాగా మోస్తుంది. కోణీయ దోషాన్ని మాత్రం సుమారు ఒక డిగ్రీ వరకే భరిస్తుంది.

4.5 ఓల్డ్‌హామ్ కప్లింగ్: రెండు పళ్లాల మధ్య, ఒక వైపు నిలువు గాడి, రెండో వైపు అడ్డ గాడి ఉన్న బిళ్ల జారుతూ తిరుగుతుంది. సమాంతర దోషానికి ఇది ప్రత్యేకం. 1821లో ఐర్లండులో జాన్ ఓల్డ్‌హామ్ దీన్ని రూపొందించింది కూడా చక్రాలతో నడిచే ఆవిరి పడవ కోసమే.

4.6 యూనివర్సల్ జాయింట్: మెకానిక్కులు క్రాసు అంటారు. రెండు కవ్వాల మధ్య శిలువ ఆకారపు ముక్క ఉంటుంది. కోణీయ దోషానికి ఇదే సరైనది. మోడల్ పడవలకు ప్లాస్టిక్ శరీరం, ఇత్తడి తొడుగులతో దొరుకుతుంది. దీని గురించి కొంచెం వివరంగా తెలుసుకోవాలి.

5. ఒక క్రాసా, రెండు క్రాసులా?

ఒకే క్రాసు ఉన్నప్పుడు మోటారు సమవేగంతో తిరిగినా ప్రొపెల్లర్ షాఫ్టు సమవేగంతో తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు దాని వేగం పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. వేగాల కనిష్ఠ నిష్పత్తి ఆ కోణపు కొసైన్‌కు సమానం. గరిష్ఠ నిష్పత్తి 1 ÷ కొసైన్. లెక్క చూడండి:

5 డిగ్రీలు: 0.996 నుంచి 1.004 వరకు
10 డిగ్రీలు: 0.985 నుంచి 1.015 వరకు
20 డిగ్రీలు: 0.940 నుంచి 1.064 వరకు
30 డిగ్రీలు: 0.866 నుంచి 1.155 వరకు

5 డిగ్రీల దగ్గర తేడా ఒక శాతం లోపే. 20 డిగ్రీల దగ్గర, నిమిషానికి 6000 చుట్ల మోటారుకు ప్రొపెల్లర్ వేగం 5638 నుంచి 6385 వరకు ఊగుతుంది. ఈ ఊపు సెకనుకు 200 సార్లు జరుగుతుంది. పడవలోంచి వచ్చే గుయ్యిమనే మోతలో ఒక భాగం ఇదే. ట్రాక్టరు వెనుక రొటావేటరు తిరుగుతుండగానే రైతు దాన్ని పైకి ఎత్తితే షాఫ్టు కటకటలాడడం మీరు వినే ఉంటారు. ఎత్తినప్పుడు పెరిగినది క్రాసుల దగ్గరి కోణమే.

ఆ రొటావేటరు షాఫ్టుకు రెండు చివర్లా రెండు క్రాసులు ఉంటాయని గమనించండి. మొదటి క్రాసు కలిగించిన వేగపు ఊపును రెండోది రద్దు చేస్తుంది. దీనికి రెండు షరతులు ఉన్నాయి. రెండు క్రాసుల దగ్గరా కోణం సమానంగా ఉండాలి. మధ్య ముక్కకు రెండు చివర్లా ఉన్న కవ్వాలు ఒకే తలంలో ఉండాలి. మధ్య ముక్కను పావు చుట్టు తిప్పి బిగిస్తే ఊపు రద్దు కాకపోగా పెరుగుతుంది.

రెండు క్రాసులకు మరో లాభం కూడా ఉంది. ఒకే క్రాసు సమాంతర దోషాన్ని భరించలేదు. రెండు ఉంటే మధ్య ముక్క వాలుతుంది. రెండు క్రాసుల మధ్య దూరం 30 మిల్లీమీటర్లు, సమాంతర దోషం 1 మిల్లీమీటరు అయితే ఒక్కో క్రాసు దగ్గర కోణం 2 డిగ్రీల లోపే. దూరం 15 మిల్లీమీటర్లయితే అదే దోషానికి కోణం దాదాపు 4 డిగ్రీలు. పడవలో చోటు ఉంటే పొడవైన జంట క్రాసునే తీసుకోండి.

6. అమర్చే విధానం

1. షాఫ్టు గొట్టాన్ని ముందు అతికించి పూర్తిగా ఆరనివ్వండి. మోటారును ఇంకా బిగించకండి.

2. ఒక చివర మోటారు షాఫ్టుకు, రెండో చివర ప్రొపెల్లర్ షాఫ్టుకు సరిగ్గా సరిపోయే గట్టి ఇత్తడి తొడుగు తీసుకోండి. మోడల్ మోటార్లలో షాఫ్టు 2.3 లేదా 3.17 మిల్లీమీటర్లు, ప్రొపెల్లర్ షాఫ్టు 4 మిల్లీమీటర్లు ఉండడం సాధారణం. చల్లపల్లి, అవనిగడ్డ, గుడివాడ వంటి ఊళ్లలో లేత్ మిషన్ ఉన్న షాపులో ఈ తొడుగు చేయించవచ్చు. 4.1లో వద్దన్న గట్టి తొడుగు ఇక్కడ కొలతపుల్లగా ఉపయోగపడుతుంది.

3. తొడుగుతో రెండు షాఫ్టులనూ కలపండి. మోటారు తనంతట తాను సరైన గీతలో నిలుస్తుంది. ఆ స్థితిలో దాని కింద దిమ్మను సరిపెట్టి బిగించండి.

4. ఇప్పుడు తొడుగును తీసేసి అసలు కప్లింగ్ పెట్టండి. ఇక కప్లింగ్ భరించవలసింది మీ చేతిలోని కొద్దిపాటి తప్పును మాత్రమే.

5. కప్లింగును పట్టుకునే చిన్న మర నున్నటి గుండ్రటి షాఫ్టు మీద జారుతుంది. మర ఆనే చోట షాఫ్టును ఆకురాయితో కొద్దిగా చదును చేయండి. వీలైతే రెండు వైపులా మరలున్న కప్లింగ్ తీసుకోండి. రంధ్రం వదులుగా ఉండి ఒకే మర ఉంటే, బిగించినప్పుడు కప్లింగ్ పక్కకు నెట్టబడుతుంది. 10 గ్రాముల కప్లింగ్ 0.2 మిల్లీమీటరు పక్కకు జరిగితే 6000 చుట్ల దగ్గర దాని అపకేంద్ర బలం 0.8 న్యూటన్, అంటే దాని బరువుకు 8 రెట్లు. వేగం రెట్టింపైతే ఈ బలం 4 రెట్లు అవుతుంది.

6. పడవను ముందుకు తోసేది ప్రొపెల్లర్. ఆ తోపుడు షాఫ్టు గుండా మోటారు మీదకు రాకూడదు. ముందుకు వెళ్లేటప్పుడు ప్రొపెల్లర్‌కు, షాఫ్టు గొట్టానికి మధ్యనున్న నట్టు, వాషరు గొట్టం బయటి కొసకు ఆనాలి. వెనక్కి నడిపేటప్పుడు లోపలి కొస దగ్గర బిగించిన కాలరు ఆనాలి. కాగితం మందం ఖాళీ ఉంచి ఈ రెండింటినీ బిగిస్తే కప్లింగ్ తిప్పడానికే పరిమితమవుతుంది.

నిజమైన పడవల్లో మరో జాగ్రత్త తీసుకుంటారు. గట్టు మీద నిలిపిన పడవ ఆకారం, నీళ్లలో తేలే పడవ ఆకారం ఒక్కటి కావు. అందుకే కప్లింగ్ పళ్లాల మధ్య ఖాళీని పడవను నీళ్లలోకి దించిన తరువాత మళ్లీ కొలుస్తారు. పలుచని ప్లాస్టిక్ లేదా ఫైబరుతో చేసిన మోడల్‌కూ ఇది వర్తిస్తుంది. చేత్తో గట్టిగా నొక్కి పట్టుకుని అమరిక చూడకండి, మెత్తటి గుడ్డ మీద ఉంచి చూడండి.

7. పరీక్ష

మోటారుతో వరుసగా ఒక అమ్మీటరు కలపండి. కప్లింగ్ విప్పి, మోటారు ఒక్కటే తిరిగేటప్పుడు విద్యుత్తును రాసుకోండి. తరువాత కప్లింగ్, గ్రీజు పెట్టిన షాఫ్టు కలిపి, పడవను నీళ్ల బయటే ఉంచి, కొన్ని సెకన్లు తిప్పి మళ్లీ చూడండి. పెరుగుదల కొద్దిగా ఉంటే అది బుష్‌ల ఘర్షణ, గ్రీజు లాగుడు. రెట్టింపో అంతకన్నా ఎక్కువో అయితే అమరిక తప్పింది. ఆ స్థితిలో పెద్ద మోటారు కొనకండి. నేను చేసిన పొరపాటు అదే.

మీటరు లేకపోతే షాఫ్టును వేళ్లతో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. ఒకేచోట బిగుతు తగిలితే షాఫ్టు వంగి ఉండవచ్చు, లేదా కప్లింగ్ పక్కకు నెట్టబడి ఉండవచ్చు. చుట్టు పొడవునా ఒకేలా బిగుతుగా ఉంటే షాఫ్టు గొట్టాన్ని, కాలరును చూడండి.

8. ఎంపిక: ఒక ఉదాహరణ

3వ భాగంలోని మోటారునే తీసుకుందాం. పడవ పొడవు 60 సెంటీమీటర్లు, మోటారు షాఫ్టు 3.17, ప్రొపెల్లర్ షాఫ్టు 4 మిల్లీమీటర్లు. దిమ్మతో సరిచేసిన తరువాత మిగిలిన కోణం 3 డిగ్రీలు, సమాంతర దోషం అర మిల్లీమీటరు. తట్టుకోవలసిన టార్క్ 0.17 న్యూటన్ మీటరు. రబ్బరు గొట్టం ఈ టార్క్‌కు జారుతుంది. జా కప్లింగ్ టార్క్ మోస్తుంది కానీ 3 డిగ్రీలు దానికి ఎక్కువ. ఓల్డ్‌హామ్ సమాంతర దోషానికి బాగుంటుంది, కోణానికి కాదు. ఒకే క్రాసు కోణాన్ని భరిస్తుంది, అర మిల్లీమీటరును భరించదు. కాబట్టి జంట క్రాసు సరైన ఎంపిక. మీరు మరికొంత ఓపిక పట్టి కోణాన్ని ఒక డిగ్రీ లోపుకు, సమాంతర దోషాన్ని దాదాపు సున్నాకు తెస్తే, ఇంతకన్నా నిశ్శబ్దంగా నడిచే జా కప్లింగ్ చాలు. అమరిక మెరుగయ్యే కొద్దీ మీ ఎంపికకు దారులు పెరుగుతాయి.

9. సారాంశం

కప్లింగ్ మోటారు తిప్పే బలాన్ని షాఫ్టుకు అందిస్తుంది. సమాంతర, కోణీయ, అక్షీయ దోషాల్లో ఏది ఎంత ఉందో ముందు కొలవాలి. మోటారు ఆగినప్పటి టార్క్‌ను బట్టి కప్లింగ్ బలాన్ని నిర్ణయించాలి. చిన్న మోటార్లకు రబ్బరు గొట్టం, మంచి అమరిక ఉన్నచోట జా కప్లింగ్, కోణం, సమాంతర దోషం రెండూ ఉన్నచోట జంట క్రాసు తగినవి. తోపుడు బలాన్ని కాలరు, వాషరు మోయాలి. చివరగా అమ్మీటరు చెప్పినదాన్ని నమ్మాలి.

10. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఒకే క్రాసు 20 డిగ్రీల కోణంలో ఉంటే షాఫ్టు కనిష్ఠ వేగ నిష్పత్తి ఎంత?
2. 24 వాట్ల యాంత్రిక సామర్థ్యం, సెకనుకు 400 రేడియన్ల వేగం ఉంటే టార్క్ ఎంత?
3. కప్లింగ్ కలిపిన తరువాత నీళ్ల బయటే విద్యుత్తు 0.5 నుంచి 1.2 ఆంపియర్లకు పెరిగింది. మీరు ముందుగా ఏం చేస్తారు?

సమాధానాలు: 1) 0.940. 2) 0.06 న్యూటన్ మీటరు. 3) గట్టి తొడుగుతో మోటారు అమరికను తిరిగి సరిచూడాలి.

11. అభ్యాసం

మీ ఊళ్లో నీటి పంపు, రొటావేటరు, రొయ్యల చెరువులోని ఏరేటరు, వీటిలో ఏదైనా ఒకదాని కప్లింగును యజమాని అనుమతితో, యంత్రం ఆపి ఉన్నప్పుడు పరిశీలించండి. అది ఏ రకం, ఏ దోషాన్ని భరించడానికి దాన్ని ఎంచుకున్నారు అన్నది పటం గీసి ఒక పేజీలో రాయండి. ఆ పేజీని మీ ప్రాజెక్టు నివేదికకు జతచేయండి.